హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, గాలిలో ఎన్ని గంటలు?

వేయిస్తంభాలు | జనవరి 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ నెల 18న మా అమ్మ మొదటిసారి అమెరికా వస్తోంది, అదీ ఒంటరిగా. వయసు 68. తను హన్మకొండలో ఉంటుంది, నేను డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. టికెట్టు పంపగానే అమ్మ ఫోను చేసింది. "తెల్లవారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3:50కి దిగుతానని రాసి ఉంది. పదకొండున్నర గంటలే కదా! రోజంతా పడుతుందని నువ్వు ఊరికే భయపెట్టావు" అంది.

నేను కంప్యూటర్‌లో చూస్తే రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 14,400 కిలోమీటర్లు అని వచ్చింది. విమానం గంటకు 900 వెళ్తుందనుకుంటే 16 గంటలు. టికెట్లు ఇచ్చినాయన మాత్రం మొత్తం 23 గంటలు అన్నాడు. పదకొండున్నర, పదహారు, ఇరవైమూడు. వీటిలో ఏది పట్టుకోవాలి? అమ్మకు మధుమేహం ఉంది, మాత్రలు గడియారం చూసి వేసుకుంటుంది. అందుకే నాకు కచ్చితమైన లెక్క కావాలి.

ప్రయాణం ఇది: హైదరాబాద్‌లో 4:20కి బయలుదేరి దుబాయ్‌కి 6:40. దుబాయ్‌లో 9:40కి బయలుదేరి డల్లాస్‌కు 3:50.

గాలివాటు | జనవరి 4, రాత్రి 10:02

వేయిస్తంభాలు గారూ, విమానాలకు దారి, ఇంధనం లెక్క కట్టే ఉద్యోగంలో నాకు పందొమ్మిదేళ్ళు గడిచాయి. మీ ప్రశ్న వారానికి ఒక్కరైనా నన్ను అడుగుతారు.

టికెట్టు మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. మీ అమ్మగారి టికెట్టులో మూడు ఊళ్ళ గడియారాలు ఉన్నాయి. అన్నిటినీ మన గడియారంలోకి మార్చండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి అక్కడ 6:40 అంటే మనకు 8:10. మొదటి విమానం 3 గంటల 50 నిమిషాలు. అక్కడి 9:40 మనకు 11:10, అంటే మధ్యలో మూడు గంటల ఆగుడు. డల్లాస్ శీతకాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం 3:50 అయితే హన్మకొండలో మర్నాటి తెల్లవారుజాము 3:20. రెండో విమానం 16 గంటల 10 నిమిషాలు. కూడితే సరిగ్గా 23. టికెట్లు ఇచ్చినాయన లెక్క సరైనదే.

ఇంకొక మాట. ఆ 16 గంటల 10 నిమిషాలూ గాలిలో గడిపే సమయం కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడికి చేరి ఆగేవరకు లెక్క అది. రన్‌వే దాకా మెల్లగా వెళ్ళడం, వరసలో నిలబడటం, దిగాక మళ్ళీ మెల్లగా వెళ్ళడం అన్నీ అందులోనే ఉంటాయి. వీటికే అరగంట పైన పోతుంది.

తారాజువ్వ | జనవరి 4, రాత్రి 10:40

నాకు చిన్నప్పటి నుంచి ఉన్న సందేహం ఇక్కడే అడుగుతాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. పడమటికి వెళ్ళే విమానానికి డల్లాస్ ఎదురు రావాలి. అలాంటప్పుడు వెళ్ళేటప్పుడు తక్కువ సమయం, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ సమయం పట్టాలి. మా బంధువులంతా వచ్చేటప్పుడే త్వరగా వచ్చామంటారు. ఎందుకు?

గాలివాటు | జనవరి 4, రాత్రి 11:15

మంచి ప్రశ్న. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది. విమానం ఆ గాలిలో ఈదుతుంది. నడుస్తున్న రైలు పెట్టెలో మీరు పైకి గెంతితే మళ్ళీ అక్కడే పడతారు, వెనక పెట్టెలో పడరు. ఇదీ అంతే. కాబట్టి భూభ్రమణం వల్ల నేరుగా లాభమూ లేదు, నష్టమూ లేదు.

తేడా తెచ్చేది పైగాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు సన్నని నదుల్లా గాలి ప్రవాహాలు పరుగెత్తుతాయి. వాటినే జెట్ ప్రవాహాలు అంటారు. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే, ఒక్కోసారి 300 పైన ఉంటుంది. విమానం గాలిలో గంటకు 900 చొప్పున ఈదుతున్నప్పుడు ఎదురుగాలి 100 ఉంటే నేల మీద 800 మాత్రమే గడుస్తుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 1,000. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను గాలిని అందుకుని ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆ దారికి ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది.

ఈ ప్రవాహాన్ని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచిన వాతావరణ శాస్త్రవేత్త జపాన్‌కు చెందిన వాసాబురో ఓయిషి. ప్రపంచమంతా చదవాలని ఆయన తన నివేదికను అన్ని దేశాలవాళ్ళకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పరాంటో భాషలో రాశారు. దాంతో చాలామంది దాన్ని చదవనే లేదు. ఆయన పేరు తలచుకోకుండా ఈ విషయం చెప్పడం నాకు ఇష్టముండదు.

రేఖాంశం | జనవరి 5, ఉదయం 6:30

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుణ్ణి. పదకొండున్నర గంటల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. భూమి 360 డిగ్రీలు 24 గంటల్లో తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా వెళ్తుంది. డల్లాస్ గడియారం 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశానిది. రెండూ కలిపితే 172.5 డిగ్రీలు. పదిహేనుతో భాగించండి, పదకొండున్నర. మీ అమ్మగారికి ఇలా చెబితే అర్థమవుతుంది. అంకెలతో చెబితే అర్థం చేసుకోలేని అమ్మను నేను చూడలేదు.

ఇక దూరం సంగతి. దయచేసి గోడ మీది పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. మనం ఎక్కువగా చూసే పటాలు 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతివి. వాటిలో ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నీ సాగిపోతాయి. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించండి. దారం ఎటు పోతుందో చూడండి. అరేబియా సముద్రం మీదుగా పోదు, అట్లాంటిక్ మీదుగా కూడా పోదు.

వేయిస్తంభాలు | జనవరి 5, రాత్రి 8:20

మాస్టారూ, మా అబ్బాయి గ్లోబు తీసి మీరు చెప్పినట్టే చేశాం. దారం నేరుగా పైకి, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోయింది! వాడు మూడుసార్లు మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాడు. ఇది నిజమేనా?

రేఖాంశం | జనవరి 5, రాత్రి 9:05

నిజమే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమాన ఉన్నాయి. రెండింటికీ మధ్య 175 డిగ్రీలకు పైగా ఉంది. అంటే దాదాపు భూమికి అటు పక్కా ఇటు పక్కా. అలాంటి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ధ్రువం పక్క నుంచే పోవాలి.

నేను లెక్క కట్టి చూశాను. ఆ దారం హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా వెళ్తుంది. తర్వాత కారకోరం పర్వతాలు. అక్కడ ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 పక్కనే దాటుతుంది. ఆ తర్వాత కిర్గిజ్‌స్తాన్, కజకస్తాన్, సైబీరియా. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మలుపు. అక్కడి నుంచి కెనడా మంచు దీవులు, మైదానాలు, చివరికి టెక్సస్. మొత్తం 14,400. మీ అబ్బాయి దారం వేసిన దారి ఇదే. వాడికి నా ఆశీస్సులు.

కృష్ణలంక | జనవరి 5, రాత్రి 10:30

మరి ఆ దారిలో నేరుగా విమానం ఎందుకు వేయరు? మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. అది ఎంతో కాలం నడవలేదు. మాకు విజయవాడ నుంచి శంషాబాద్ చేరడానికే ఐదు గంటలు. ఆ తర్వాత ఇంకో దేశంలో దిగి, ఇంకో విమానం ఎక్కి... అరవై దాటిన వాళ్ళకు ఇది చిన్న కష్టం కాదు. ఇంతమంది తెలుగువాళ్ళు అక్కడ ఉండగా ఒక్క నేరు విమానం కూడా లేదంటే బాధగా ఉంటుంది.

గాలివాటు | జనవరి 6, ఉదయం 7:45

మీ బాధ న్యాయమైనది. మా నాన్నగారిని చక్రాల కుర్చీలో రెండు విమానాలు మార్చి తీసుకెళ్ళినవాణ్ణి నేను. అడ్డు ఎక్కడుందో చెబుతాను, కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

షికాగోకు దగ్గరి దారి సుమారు 13,300 కిలోమీటర్లు. డల్లాస్‌కు 14,400. ఈ 1,100 తేడా చాలా పెద్దది. దూరప్రయాణాల్లో ఎక్కువగా కనిపించే బోయింగ్ 777-300ఈఆర్ తయారీదారు చెప్పే గరిష్ఠ దూరం సుమారు 13,650 కిలోమీటర్లు. 787-9 సుమారు 14,000. ఆ అంకెలు కూడా గాలి లేని రోజున, దారి మళ్ళకుండా వెళ్తే వచ్చేవి. నిజం ప్రయాణంలో ఎదురుగాలికి, దిగాల్సిన చోట పొగమంచు ఉంటే పక్క ఊరికి పోవడానికి, గాలిలో కాసేపు చుట్టు తిరగడానికి అదనంగా ఇంధనం ఉండాలి. 777-200ఎల్ఆర్, ఎ350 వంటివి వెళ్ళగలవు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎ350 ప్రత్యేక రకంతో దాదాపు పందొమ్మిది గంటల్లో రోజూ నడుస్తోంది. సిడ్నీ నుంచి డల్లాస్‌కు 13,800 కిలోమీటర్లు నేరుగా వెళ్తున్నారు. కాబట్టి యంత్రం లేక ఆగిన పని కాదు.

అయితే మాస్టారు చెప్పిన దారంలో కే2 ఉంది చూశారా, అక్కడే మొదటి చిక్కు. విమానంలో గాలి ఒత్తిడి పోతే నిమిషాల మీద మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల తలపై నుంచి జారే ముసుగుల్లో ఆక్సిజన్ పదిహేను, ఇరవై నిమిషాలకే ఉంటుంది. కింద ఎనిమిది వేల మీటర్ల కొండలుంటే ఎక్కడికి దిగుతారు? అందుకే కారకోరం, టిబెట్ మీదుగా వెళ్ళడానికి ఎవరూ తొందరపడరు, చుట్టు తిరుగుతారు.

రెండోది దేశాల తగాదాలు. 2022 ఫిబ్రవరి చివరి నుంచి రష్యా గగనం అమెరికా, ఐరోపా సంస్థలకు మూతపడింది. మన దేశపు సంస్థలకు తెరిచే ఉంది. కానీ 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనాన్ని మన విమానాలకు మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు ఐరోపాలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. పటం మీద దారి ఒక్కటే అయినా, ఏ దేశపు విమానం అన్నదాన్ని బట్టి దూరం మారిపోతుంది.

మూడోది, పద్నాలుగు వేల కిలోమీటర్ల ఇంధనం మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. మొదటి గంటల్లో కాల్చేదాంట్లో కొంత భాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే పోతుంది. దాంతో సరుకు తగ్గించాలి, సీట్లు తగ్గించాలి, టికెట్టు ధర పెంచాలి.

ఇప్పుడు మీ అమ్మగారి దారి చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,900. కలిపితే 15,450. నేరు దారికంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, అంటే గంట పైన ప్రయాణం. మిగతా సమయమంతా ఆగుడు, ఎక్కడం, దిగడం, ఎదురుగాలి తినేస్తున్నాయి. లండన్ మీదుగా వెళ్ళినా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళినా మొత్తం 15,400 దగ్గరే తేలుతుంది. కాబట్టి టికెట్టు కొనేటప్పుడు దూరం చూడకండి, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలో చూడండి. మూడు గంటలంటే పెద్దవాళ్ళకు సరైనది. గంటన్నర అయితే పరుగు, ఎనిమిదైతే శిక్ష.

తారాజువ్వ | జనవరి 6, ఉదయం 9:20

ధ్రువం మీదుగా మనవాళ్ళు నిజంగా వెళ్ళారు కదా? వార్తల్లో చూసిన గుర్తు.

గాలివాటు | జనవరి 6, మధ్యాహ్నం 1:10

వెళ్ళారు. 2021 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 11న తెల్లవారుజామున బెంగళూరులో దిగిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. నడిపిన నలుగురూ మహిళలే. జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవనే, శివానీ మన్హాస్. ఆ ఊళ్ళ మధ్య నేరు దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. ప్రయాణం పదిహేడు గంటల దగ్గర.

ఆ దారిలో మాలాంటివాళ్ళు కళ్ళు పెట్టుకుని చూసేది ఇంధనం చలిని. బయట మైనస్ అరవై దాటవచ్చు. అమెరికాలో నింపే ఇంధనం మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, మన దగ్గర నింపేది మైనస్ 47 దాకా ఆగుతుంది. ఇంధనం ఆ అంచుకు రాకముందే కిందికి దిగి వెచ్చటి గాలిలోకి రావాలి, లేదా వేగం పెంచాలి.

పాతకాపు | జనవరి 6, రాత్రి 11:50

ఈ చర్చ చదువుతుంటే 1991 గుర్తొచ్చింది. అప్పుడు శంషాబాద్ లేదు. బేగంపేటలో ఎక్కి బొంబాయి, అక్కడ ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి బస్సులో. అర్ధరాత్రి విమానంలో లండన్, ఆ తర్వాత న్యూయార్క్, చివరికి డల్లాస్. నాలుగు విమానాలు, 38 గంటలు. చేరిన మర్నాడు "క్షేమంగా చేరాను" అని టెలిగ్రాం ఇచ్చాను. అది మా ఊరికి చేరేసరికి ఇంకో రెండు రోజులు. ఆ నాలుగు రోజులూ మా అమ్మ సరిగ్గా అన్నం తినలేదని తర్వాత చెల్లి రాసింది.

వేయిస్తంభాలు గారూ, మీ అమ్మగారి విమానం ఎక్కడుందో ఇప్పుడు మీరు ఫోనులో చూడగలరు. అయినా ఆ 23 గంటలూ మీకు నిద్ర పట్టదు. నాకు తెలుసు.

మందులచీటీ | జనవరి 7, ఉదయం 6:15

మాత్రల సంగతికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. నేను వైద్యుణ్ణే, కానీ మీ అమ్మగారిని చూసే వైద్యుణ్ణి అడగకుండా ఏదీ మార్చకండి. మందుల రకాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది.

ప్రయాణమంతా మన గడియారమే నమ్ముకోమనండి. చేతి వాచీ సమయం మార్చవద్దు. డల్లాస్‌లో ఇంటికి చేరాక మార్చుకోవచ్చు. మన లెక్కలో ఆమె ఉదయం మాత్ర వేళకు దుబాయ్‌లో ఉంటారు, అక్కడ ఏదైనా తిని వేసుకోవాలి. మధ్యాహ్నం విమానంలో భోజనం. రాత్రి ఎనిమిదింటి మాత్ర గాలిలోనే వస్తుంది. అప్పుడు విమానంలో భోజనం పెట్టకపోవచ్చు, అందుకే చేతి సంచిలో తినడానికి ఏదైనా ఉండాలి. మాత్ర వేసుకుని తినకుండా నిద్రపోతే చక్కెర పడిపోవచ్చు, నేను భయపడేది దానికే. మందులన్నీ చేతి సంచిలోనే, చీటీతో సహా. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని కింద సరుకులో అసలు వేయకూడదు, గడ్డకడితే పనికిరాదు.

లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది. ఒత్తిడి కూడా రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. రెండు గంటలకు ఒకసారి లేచి నడవాలి, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే నడవ పక్క సీటు తీసుకోండి, కిటికీ పక్క వద్దు.

రేఖాంశం | జనవరి 7, ఉదయం 8:00

డాక్టరు గారి మాట కాదనను. కానీ కిటికీ గురించి ఒక్క మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మీ అమ్మగారి విమానం దుబాయ్ నుంచి వాయవ్యంగా వెళ్ళి, దగ్గరి దారి పట్టుకుంటే ఐస్‌లాండ్‌కు ఉత్తరాన 67 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కుతుంది. తర్వాత గ్రీన్‌లాండ్, కెనడా. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర అది 835కు తగ్గుతుంది, 67 దగ్గర ఇంకా తక్కువ. అక్కడ పడమటికి 900తో వెళ్ళే విమానం భూమి తిరిగే వేగాన్ని మించిపోతుంది. అంటే కాలం ఆగినట్టు ఉంటుంది. లెక్క కట్టాను: దాదాపు ఆరేడు గంటల పాటు విమానం ఉన్నచోట సూర్యుడి ప్రకారం మధ్యాహ్నం పన్నెండే.

అయితే జనవరి కదా, సూర్యుడు దక్షిణాన ఉన్నాడు. ఉత్తరానికి పోయేకొద్దీ కిందికి దిగుతూ, ఐస్‌లాండ్ దగ్గర దిగంతాన్ని తాకేంత కిందికి వస్తాడు. అస్తమిస్తాడనిపిస్తుంది, కానీ అస్తమించడు. విమానం నైరుతికి మళ్ళగానే మళ్ళీ పైకి లేస్తాడు. సంక్రాంతి వెళ్ళిన మూడు నాలుగు రోజులకు, ఉత్తరాయణపు సూర్యుడిని అలా చూసే అవకాశం ఎంతమందికి వస్తుంది? సూర్యుడు ఎడమ వైపు ఉంటాడు. ఎడమ వైపు కిటికీ.

మందులచీటీ | జనవరి 7, ఉదయం 8:25

మాస్టారూ, కిటికీ పక్క కూర్చున్న పెద్దవాళ్ళు పక్కవాళ్ళను లేపడానికి మొహమాటపడి పదహారు గంటలు కదలకుండా కూర్చుంటారు. నేను ఆ తర్వాత వాళ్ళ కాళ్ళు చూస్తాను.

రేఖాంశం | జనవరి 7, ఉదయం 8:50

మీరు అన్నది సబబే. ఎడమ వైపు నడవ సీటు తీసుకోండి. నడవడానికి లేచినప్పుడు తలుపు దగ్గరి చిన్న కిటికీ లోంచి చూడవచ్చు. మన గడియారంలో రాత్రి ఏడు, ఎనిమిది మధ్య లేవమనండి.

వేయిస్తంభాలు | జనవరి 7, రాత్రి 9:40

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఎడమ వైపు నడవ సీటు తీసుకున్నాను. చక్రాల కుర్చీ అడిగాను, దానికి డబ్బు తీసుకోలేదు. మాత్రల వేళలు మన గడియారం ప్రకారం పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అమ్మకు పంపాను. అమ్మ చేతికి నాన్న హెచ్ఎంటీ వాచీ కట్టుకుని వస్తానంటోంది. రోజూ కీ ఇస్తుంది దానికి, నాన్న పోయిన తర్వాత కూడా.

తిరుగు ప్రయాణం మే 12 సాయంత్రం 6:30కి ఇక్కడ, 14 తెల్లవారుజామున 2:00కి హైదరాబాద్‌లో. ఇది ఎన్ని గంటలు?

గాలివాటు | జనవరి 7, రాత్రి 10:10

ఇక్కడ తప్పు చేయకండి. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, కాబట్టి మేలో తేడా పదిన్నర గంటలే. గడియారంలో కనిపించే తేడా ముప్పై ఒకటిన్నర గంటలు, అందులోంచి పదిన్నర తీసేస్తే 21. వెళ్ళేటప్పటికంటే రెండు గంటలు తక్కువ. తారాజువ్వ గారూ, మీ బంధువులు చెప్పింది ఇదే.

వేయిస్తంభాలు | జనవరి 19, రాత్రి 8:30

అమ్మ చేరింది.

దుబాయ్‌లో విమానం 9:40కి బదులు 9:52కి కదిలింది, ఇక్కడ 3:31కి నేల తాకింది. 15 గంటల 39 నిమిషాలు. ఆలస్యంగా బయలుదేరి ముందుగా వచ్చింది, గాలివాటు గారు చెప్పిన ఎదురుగాలి ఆ రోజు కాస్త కరుణించినట్టుంది. హన్మకొండలో గడప దాటినప్పటి నుంచి మా ఇంటి గడప తొక్కేవరకు 34 గంటలు. శంషాబాద్‌లో ఎదురుచూపు, ఇక్కడ పాస్‌పోర్టు వరస అన్నీ కలిపి. ఇంతకీ నేను అడగాల్సిన నాలుగో అంకె అది. పాతకాపు గారూ, మీరన్నట్టే నేను నిద్రపోలేదు. విమానం గుర్తు తెర మీద సముద్రం దాటేవరకు చూస్తూనే ఉన్నాను.

చక్కెర 142 ఉంది, డాక్టరు గారూ. కాళ్ళు వాయలేదు. ప్రతి రెండు గంటలకూ లేచి నడిచిందట.

మాస్టారికి రాయమని అమ్మ చెప్పిన మాటలు, చెప్పినవి చెప్పినట్టు: "నాన్న వాచీలో రాత్రి ఎనిమిది అయింది. మాత్ర వేసుకుందామని నీళ్ళ కోసం లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. కింద అంతా తెల్లగా, మధ్యలో గులాబీ రంగు. తెర మీద గ్రీన్‌లాండ్ అని చూపిస్తోందని అక్కడి అమ్మాయి చెప్పింది. సూర్యుడు కొండల చివర ఆనుకుని ఉన్నాడు. పడిపోతాడేమో అనుకున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినం తిని, మాత్ర వేసుకుని మళ్ళీ వెళ్ళి చూస్తే ఇంకాస్త పైకి వచ్చాడు. దండం పెట్టుకున్నాను."

రేఖాంశం | జనవరి 20, ఉదయం 6:05

రెండుసార్లు చదివాను. అమ్మగారికి నా నమస్కారాలు.

మే 12న కూడా ఎడమ వైపే తీసుకోండి. అప్పుడు విమానం తూర్పుకు వెళ్తుంది కాబట్టి ఎడమ వైపు ఉత్తరం ఉంటుంది. దారి గ్రీన్‌లాండ్ దాకా ఎక్కితే అక్కడ మే నెలలో అర్ధరాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు. సూర్యుడు దిగంతం కింద కొద్ది దూరంలోనే తిరుగుతుంటాడు, ఉత్తరాన ఒక వెలుగు గీత తెల్లవార్లూ నిలుస్తుంది.

వేయిస్తంభాలు | జనవరి 20, ఉదయం 7:30

సీటు ఇప్పుడే మార్చాను, మాస్టారూ. కుడి వైపు ఉండింది.